అడ్రినల్ సపోర్ట్ పొడి, రెండు డబ్బాలు: ఒక్క స్టార్, అదీ మూతకి

ముందే చెప్పేస్తున్నాను, కొనకండి. ఎందుకో తెలియాలంటే ఓపిగ్గా చదవండి, కొంచెం పెద్దదే.

కంపెనీ పేరు రాయను. ఒకే అచ్చులో పోసినట్టు ఇలాంటివి ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి, ఒకదాని పేరు రాస్తే పక్కది మంచిదనుకుంటారు. ఆకుపచ్చ మూత, చాక్లెట్ వాసన, నెల రోజుల డబ్బా 1,499 రూపాయలు, రెండు కొంటే మూడొందలు తగ్గింపు. అడ్రినల్ అంటే కిడ్నీల మీద ఉండే చిన్న గ్రంథులట. ప్రకటనలో "అలసట, మతిమరుపు, లోకం నిజం కాదేమో అనిపించడం, అన్నిటికీ కారణం మీ అడ్రినల్ గ్రంథుల అలసటే" అని రాశాడు. ఆ మూడో ముక్క చూసే పడిపోయాను. నాకున్నది అచ్చంగా అదే, ఇంకొకరికి కూడా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు.

నాకు ముమ్మిడివరంలో చిన్న కుట్టుషాపు ఉంది. పోయిన మాఘమాసం పెళ్ళిళ్ళకి జాకెట్లు కుప్పలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం అంచు కుడుతుంటే, గుడ్డ జరుగుతోంది, సూది పడుతోంది, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కానీ అవి నా వేళ్ళు కావు. ఎవరో ఆడమనిషి కుడుతుంటే నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నట్టుంది. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు, దానికి ఇంకా భయమేసింది. ఇంకోరోజు యానాం వెళ్తుంటే ఎదుర్లంక వంతెన మీద బస్సు కిటికీలోంచి చూశాను. కింద గౌతమి, మధ్యలో పడవ, అవతల కొబ్బరిచెట్లు, మొత్తం గోడ క్యాలెండరు మీద బొమ్మలాగా లోతు లేకుండా కనిపించింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న గోదారే. పిచ్చెక్కుతోందేమోనని ఎవరికీ చెప్పలేదు. ఊరికే పలక్కుండా కూర్చుంటున్నానని మా అత్తయ్య గాలి సోకిందనుకుని దిష్టి తీసి తాయెత్తు కట్టించారు, ఆవిడ ప్రేమ ఆవిడది.

దీనికి తోడు నీరసం, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం, అడక్కుండానే ఆరు కేజీలు తగ్గిపోవడం. ఇంకోటి, మాగాయ జాడీలో ఊట గరిటెతో తీసుకుని తాగేసేదాన్ని. ఇదేం రుచే నీకు అని ఇంట్లో నవ్వుకున్నాం తప్ప దాన్ని జబ్బు కింద ఎవరం లెక్కెయ్యలేదు.

దగ్గర్లో డాక్టరు గారికి చూపిస్తే థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 11.8 వచ్చింది, ఈ అంకె పెరిగితే థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నట్టట, అందుకని 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. నెలన్నర వాడాను. తగ్గడం అటుంచి, మెట్లెక్కలేని స్థితికి వచ్చాను, ఆ నిజం కానట్టుండేది, గాజు పలక వెనక నుంచి చూస్తున్నట్టు, గంటల తరబడి వదిలేది కాదు. అదిగో అప్పుడు రాత్రి రెండింటికి నిద్రపట్టక ఫోన్లో వెతుకుతుంటే ఈ డబ్బా తగిలింది.

సరే, పొడి సంగతి. ఐదో రోజుకి వచ్చింది, ప్యాకింగ్ బాగుంది. పాలల్లో కలిపితే అడుగున ఇసకలాగా మిగులుతుంది, తీపి ఎక్కువ. అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదటి పదిరోజులు నిజంగా బాగుంది. కళ్ళు తిరగడం తగ్గింది, షాపుకి కూడా వెళ్ళాను. మా ఆయనతో "చూశారా, డాక్టర్లకి తెలీంది వీడికి తెలిసింది" అని కూడా అన్నాను. రెండో డబ్బాకి ఆర్డరు పెట్టింది ఆ ఊపులోనే.

ఆ పదిరోజుల గుట్టు తర్వాత తెలిసింది. అందులో అతిమధురం ఉంది. అది ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడుతుంది, అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోను ఉన్న కాస్తనీ ఖర్చు కాకుండా ఆపుతుంది. అంటే నాలాంటి దానికి కాసేపు ఊతకర్ర దొరికినట్టే, అసలు జబ్బు మాత్రం కింద అలాగే ముదురుతోంది. బీపీ ఉన్నవాళ్ళు తాగితే ఇంకా పెరుగుతుంది, ఆ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు.

అసలు దెబ్బ ఇంకోటి. జుట్టుకి, గోళ్ళకి మంచిదని అందులో బయోటిన్ అనే విటమిన్ కలిపాడు, చెంచాకి 10,000 మైక్రోగ్రాములు. మనిషికి రోజుకి కావలసింది 30, 40 అంతే. ఎక్కువైనా ఒంటికి పెద్ద హాని లేదట, కానీ రక్తపరీక్షలు తప్పుతాయి. చాలా ల్యాబుల్లో హార్మోన్లు కొలిచే యంత్రాలు ఆ బయోటిన్ అతుక్కునే గుణం మీదే పనిచేస్తాయి, రక్తంలో అది నిండి ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, కార్టిసాల్, థైరాయిడ్ హార్మోను టీ4 లాంటివి ఎక్కువగా చూపించవచ్చు. నాకు అదే జరిగింది. పొడి తాగుతూ చేయించుకున్న పరీక్షలో టీఎస్‌హెచ్ 0.2 వచ్చింది, మాత్ర ఎక్కువైపోయిందని సగానికి తగ్గించారు. ఆ డాక్టరు గారి తప్పేం లేదు, నేను పొడి తాగుతున్నట్టు చెప్తే కదా. పొడి కూడా మందేనా అనుకున్నాను.

వైశాఖం వచ్చేసరికి వాంతులు, మంచం. మా ఆయన ఇక ఊరుకోకుండా కాకినాడలో హార్మోన్ల డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్ళారు. ఆయన రిపోర్టులు పక్కన పెట్టి ముందు నా అరచేతులు చూశారు. గీతలు నల్లబడ్డాయి, వేళ్ళ కణుపులు నల్లబడ్డాయి. ఎండకి అనుకున్నాను, మరి అరచేతికి ఎండేంటి? చిగుళ్ళు చూస్తే అక్కడా నల్లమచ్చలు. పడుకోబెట్టి బీపీ చూస్తే 100, నిలబెట్టి చూస్తే 78. "ఉప్పు ఎక్కువ తినాలనిపిస్తోందా అమ్మా?" అని అడిగారు. మాగాయ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఇంకేమైనా వాడుతున్నారా?" అనగానే సంచిలోంచి డబ్బా తీశాను, వెనక చిన్న అక్షరాలు అద్దం పెట్టుకుని చదివి మూత పెట్టేశారు.

మామూలుగా బయోటిన్ ఆపి కనీసం రెండు రోజులకి గానీ పరీక్ష చెయ్యకూడదట. కానీ నా పరిస్థితి చూసి ఆగకుండా అప్పుడే రక్తం తీయించి, వెంటనే సెలైను, కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజక్షను పెట్టించారు. కాస్త కోలుకుని పొడి ఒంట్లోంచి పోయాక సరైన పరీక్షలు చేశారు. పొద్దున 8 గంటల కార్టిసాల్ 2.6, బాగా తక్కువ. కార్టిసాల్ చెయ్యమని అడ్రినల్ గ్రంథుల్ని పురమాయించే ఏసీటీహెచ్ ఇంజక్షన్ ఇచ్చి గంటకి మళ్ళీ చూస్తే 18 దాటాలట, నాకు 3.9. పేరు అడిసన్స్ వ్యాధి, అంటే అడ్రినల్ గ్రంథులే దెబ్బతిని కార్టిసాల్ చెయ్యలేకపోవడం. 1855లోనే లండన్‌లో థామస్ అడిసన్ అనే డాక్టరు రాసిపెట్టిన జబ్బు. మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తుందని స్కాన్ తీయించారు, అది కాదని తేలింది. నా రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌నీ అడ్రినల్‌నీ రెండిటినీ తినేస్తోందట.

థైరాయిడ్ మాత్రకి ఎందుకు క్షీణించానో కూడా ఆయనే చెప్పారు. ఆ మాత్ర ఒంటి వేగం పెంచుతుంది, దాంతో ఉన్న కార్టిసాల్ ఇంకా త్వరగా ఖర్చయిపోతుంది. రెండూ తక్కువున్నప్పుడు ముందు కార్టిసాల్ లోటు తీర్చి, తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. ఇక పొడి కంపెనీవాడు చెప్పే అడ్రినల్ అలసట అనే జబ్బుకి వైద్యంలో గుర్తింపే లేదు. అడ్రినల్ లోపం అనేది ఉంది, దానికి పరీక్ష ఉంది. నేను పొద్దుటి కార్టిసాల్ పరీక్షకి కట్టింది 600 రూపాయలు, డబ్బాలో సగం కూడా కాదు.

ఇప్పుడు హైడ్రోకార్టిసోన్ పొద్దున లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 2.5, ఉప్పు నిలవడానికి ఇంకో చిన్న మాత్ర. స్టెరాయిడ్ అనగానే ఇంట్లో గోల, "ఒళ్ళు ఉబ్బిపోద్దంట కదా, మానెయ్యవే" అని మా పిన్ని రోజూ ఫోను. ఇది బయట నుంచి ఎక్కువ పొయ్యడం కాదు పిన్నీ, ఒంట్లో లేనిది అంతకంతే పెట్టడం అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇలాంటివాళ్ళం హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదకే వస్తుంది. జ్వరమొస్తే రెట్టింపు వేసుకోవాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజక్షనే. ఇవన్నీ రాసిన కాగితం పర్సులో ఒకటి, షాపులో అద్దం వెనక ఒకటి పెట్టాను, షాపులో పనిచేసే అమ్మాయికి కూడా చదివించాను.

నీరసం వారంలో తగ్గింది. ఆ నిజం కానట్టుండేది మాత్రం నాలుగు నెలలు పట్టింది, ఇప్పటికీ నిద్ర చాలని రోజు వచ్చి పోతుంది. హార్మోన్లు సరిపడ్డాక కూడా పోకపోతే కాకినాడలోనే మానసిక వైద్యురాలికి చూపించాను. ఆవిడ దీన్ని డీరియలైజేషన్ అన్నారు, అంటే చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించడం. "లోకం మారిపోయిందని నువ్వు నమ్మట్లేదమ్మా, మారినట్టు అనిపిస్తోందని నీకే తెలుసు, పిచ్చికీ దీనికీ తేడా అదే" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. ఒంట్లో ఏదైనా తేడా చేసినప్పుడు, టెన్షన్‌లో, నిద్ర లేనప్పుడు మెదడు కాస్త వెనక్కి జరుగుతుందట, దానికి మనం బెదిరిపోతే ఇంకా వెనక్కి పోతుంది. ఇప్పుడు నిజంగా ఉందా, ఇప్పుడుందా అని గంటకోసారి తడిమి చూసుకోవడం మానమన్నారు, అది మానడమే అన్నిటికన్నా కష్టమైంది.

నాకు పనికొచ్చింది గుండీ. నాలుగు చిల్లుల చొక్కా గుండీ ఒకటి జేబులో ఉంటుంది. గాజు దిగుతున్నట్టు అనిపిస్తే బొటనవేలితో అంచు తడిమి, చిల్లులు ఒక్కోటి లెక్కపెట్టి, మధ్యలో ఆ చిన్న గీత ఎటుందో పట్టుకుంటాను. వస్తే రానీ అని చేతిలో పని ఆపకుండా కుట్టుకుంటూ పోతాను. బస్సులో అయితే షాపుల బోర్డులు చిన్నగా పైకి చదువుతాను, పక్కనావిడ వింతగా చూస్తే చూడనీ. మా ఆయనకి చెప్పాక సగం బరువు దిగింది. "గాజొచ్చిందండీ" అంటే చాలు, ఆయ్ అని టీ పెట్టేస్తారు. అందరికీ గుండీయే పనిచేస్తుందని కాదు, ముందు రక్తపరీక్ష, తర్వాత గుండీ.

మొదటి డబ్బా మూత గట్టిది, గాలి దూరదు. కడిగి గుండీలు పోసుకున్నాను, స్టార్ అందుకే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి బయోటిన్ గురించి అడిగితే ఆ అబ్బాయి "మూడు నెలలు వాడితేనే గుణం కనిపిస్తుంది మేడమ్" అన్నాడు, నేను ఏమడిగినా అదే. రెండో డబ్బా సీలు కూడా తియ్యలేదు. వెనక్కి పంపుతానంటే గడువు ఏడు రోజులే, దాటిపోయిందన్నాడు. ఆ ఏడు రోజులూ నేను కాకినాడలో సెలైను పెట్టించుకుంటున్నాను.