బడి రికార్డు గదిలో ఎనిమిదేళ్లు: మా సీసీడీ స్కానర్

ఒక పాత ఉన్నత పాఠశాలలో రికార్డులు చూసుకోవడం నా పని. ఉద్యోగ ప్రకటన వెలువడిన వారమంతా స్టడీ సర్టిఫికెట్ల కోసం జనం వస్తారు. స్థానికత చూపించాలంటే ఏ తరగతి ఎక్కడ చదివారో కాగితం ఉండాలి మరి. వాళ్లు వెళ్లాక వార్షికోత్సవానికి పాత ఫొటోలు వెతకాలి. పొద్దు వాలేలోగా బీరువాల వెనక చెద ఎక్కిందేమో చూసుకోవాలి. వీటన్నిటి మధ్య ఎనిమిదేళ్లుగా నాకు తోడున్నది ఏ4 సైజు సీసీడీ స్కానర్, అంటే కాగితం బొమ్మను అద్దాలు, కటకం ద్వారా చిన్న సెన్సరు మీదకు తెచ్చే రకం.

అంతకు ముందు ఉన్నది పల్చటి సీఐఎస్ రకం, దాని సెన్సరు గాజు కిందే ఆనుకుని ఉంటుంది. విడి కాగితాలకు బాగానే ఉండేది. గాజుకు ఆనని అక్షరం మాత్రం అలుక్కుపోయినట్టు వచ్చేది. మా అడ్మిషన్ రిజిస్టర్లలో ఎడమ పేజీ చివరి గడి పుట్టిన తేదీ, అంటే సరిగ్గా కుట్టు దగ్గర. అందరూ అడిగేదీ అదే. అణాల్లో ఫీజులు రాసిన, 1957కు ముందటి ఒక రిజిస్టరులో తేదీలు అంకెల్లోనే ఉన్నాయి. అందులో ఒక పెద్దాయన పుట్టిన నెల 3 అవుతుందో 8 అవుతుందో ఆ స్కానులో తేలలేదు. గట్టిగా అదిమితే బైండు పగులుతుంది. సీసీడీలోని కటకం కాస్త దూరంలో ఉన్నదాన్నీ స్పష్టంగా పడుతుంది కాబట్టి గాజుకు కాస్త ఎత్తులో ఉన్న గీత కూడా తెలుస్తుంది. అదే పేజీని అదమకుండా పెట్టాను. 3 అని స్పష్టంగా కనిపించింది.

ఇంకో మేలు ఫొటోల విషయంలో. చెమ్మకు ఫ్రేము గాజుకు అతుక్కుపోయిన తరగతి ఫొటోను లాగితే మొహాలు ఊడి గాజుకే ఉండిపోతాయి. గాజుతో సహా స్కానర్‌పై బోర్లించి తీశాను. వెనక వరుసలో నిలబడ్డ పిల్లల చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు.

రిజిస్టర్లకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు, ఫొటోలకు 600 పెడతాను. 600లో ఏ4 రంగుల పేజీ కుదించని టిఫ్ (ఒక రకం బొమ్మ ఫైలు)గా 100 ఎంబీ దాటుతుంది. అందుకే హార్డ్ డిస్కులు రెండు, వేర్వేరు గదుల్లో.

ఇబ్బందులు లేకపోలేదు. బరువెక్కువ, నెమ్మది, దీనికి వేరే కరెంటు తీగ కావాలి. మూడో ఏట గాజు లోపలికి దుమ్ము చేరి ప్రతి పేజీ మీదా నిలువు గీత పడింది. కంప్యూటర్ మార్చినప్పుడు డ్రైవర్ దొరక్క రెండు వారాలు పని ఆగింది. అన్నిటికన్నా పెద్ద లోటు సైజు. ఫుల్‌స్కేప్ పేజీ పట్టదు, రెండు ముక్కలుగా తీసి కలపాలి. డబ్బు సమకూరితే ఏ3 రకమే కొనండి.

కొనే రోజు బైండు చేసిన పాత లెడ్జరు ఒకటి సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లండి. నడిమి పేజీ తెరిచి, అదమకుండా స్కాన్ చేయించండి. కుట్టు పక్క అక్షరాలు చదవగలిగితేనే డబ్బు కట్టండి.