ఫైట్ సీన్: ముందే గీసుకోవాలా, నేరుగా రాసేయాలా?

కథలో కొట్లాట రాయాల్సి వచ్చిన ప్రతిసారీ ఇదే టెన్షన్: ఎవరెక్కడ ఉన్నారో, ఎటు కదులుతారో ముందే కాగితం మీద బొమ్మ గీసుకోవాలా, నేరుగా రాసేయాలా?

సమయం: గీసుకుంటే ఒక సాయంత్రం పోతుంది. నేరుగా రాస్తే గంటలో డ్రాఫ్ట్ చేతికొస్తుంది, దిద్దుబాటుకు మాత్రం రెండు రోజులు పడుతుంది.

ఊపు: ఇందులో నేరుగా రాయడమే మేలు. వాక్యాలు వాటంతట అవే పొట్టివవుతాయి.

తప్పులు: అసలు తేడా ఇక్కడే. పెంకుటింటి వసారాలో నలుగురు కలబడే సీన్ నేను నేరుగా రాశాను. మొదటి పేరాలో హీరో కుడి మణికట్టు విరిగింది. మూడో పేరాలో అదే చేత్తో కర్ర తిప్పేశాడు! తలుపుకు లోపల గడియ పెట్టే ఉంది, అయినా బయటివాడు లోపలికొచ్చాడు. గుమ్మం, స్తంభాలు, ఎవరెక్కడ నిలబడ్డారో కాగితం మీద గీసుకుని ఉంటే ఇవన్నీ ముందే దొరికేవి. అలాగని గీసిందంతా రాసేయకూడదు. ‘ఎడమకు జరిగాడు, కుడికి తిరిగాడు’ అంటూ పోతే పాఠకుడు డ్రిల్లు మాస్టారి మాటలు వింటున్నట్టే ఉంటుంది.

మనుషులు ఎక్కువై, చోటు ఇరుకైతే గీసుకోండి. ఇద్దరే ఉండి, దెబ్బకన్నా కోపమే ముఖ్యమైతే నేరుగా రాసేయండి. గాయం ఏ చేతికో మాత్రం పక్కన రాసి పెట్టుకోండి.