పిడుదు కాటుకు రక్తపరీక్ష: తేదీ అడగని ప్యానెల్

మోకాలి వెనుక కరిచి పట్టుకున్న పిడుదును పీకివేసిన ఎనిమిదో రోజున అదే చోట ఎర్రటి మచ్చ కనిపించడంతో, ఆన్‌లైన్‌లో నేరుగా బుక్ చేసుకోగల ఒక ప్రైవేటు ల్యాబ్ వారి ‘టిక్ ప్యానెల్’ తీసుకున్నాను. పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధితో పాటు, అలాగే సోకే అనాప్లాస్మా, ఎర్లికియా, బబీసియా అనే సూక్ష్మజీవులను కూడా ఒకే రక్త నమూనాతో పరీక్షిస్తారు. నమూనా సేకరణలో గానీ, చెప్పిన గడువుకు రిపోర్టు ఇవ్వడంలో గానీ వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కంతా రిపోర్టులోనే ఉంది. లైమ్‌కు ఎదురుగా ముదురు అక్షరాలతో ‘నెగెటివ్’ అని ముద్రించారు. వారు చేసిన ఎలైసా పరీక్ష వెతికేది లైమ్‌ను కలిగించే బొరేలియా బ్యాక్టీరియాను కాదు, దానికి ప్రతిగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి పరీక్షకు అందే స్థాయికి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, ఎనిమిదో రోజు నెగెటివ్‌ను బట్టి వ్యాధి లేదనడానికి వీల్లేదు. నా చిరునామా, ఈమెయిలు పూస గుచ్చినట్టు అడిగిన దరఖాస్తులో పిడుదు ఎప్పుడు కరిచిందన్న ప్రశ్నే లేదు.

డాక్టరుగారు రిపోర్టును పక్కన పెట్టి, మచ్చ మీద స్కేలు ఆనించారు. ఏడు సెంటీమీటర్లు ఉంది. ముందురోజు నేను పెన్నుతో గీసుకున్న గీత అప్పటికే మచ్చ లోపలికి వెళ్లిపోయింది. కరిచిన ఒకటి రెండు రోజుల్లో వచ్చే చిన్న ఎరుపు వేరని, లైమ్ ఉన్న ప్రాంతంలో తిరిగివచ్చిన మనిషికి 3 నుంచి 30 రోజుల మధ్య మొదలై, అయిదు సెంటీమీటర్లు దాటి విస్తరించే ఇలాంటి మచ్చ కనిపిస్తే రక్తపరీక్షతో పని లేదని చెప్పి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

రిపోర్టు రెండో పేజీ మరింత ఇబ్బందికరం. 1994 నుంచి అమలులో ఉన్న రెండంచెల పద్ధతి ప్రకారం మొదటి పరీక్ష పాజిటివ్‌గా గానీ, అటూఇటూ కాకుండా గానీ వస్తేనే యాంటీబాడీలను గీతల రూపంలో చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష చేయాలి. వీరు నెగెటివ్ వచ్చాక కూడా చేసి, 41 సంఖ్య గల ఒక్క గీత కనిపించిందని ‘పాక్షికంగా పాజిటివ్’ అని రాశారు. ముందుగా పుట్టే ఐజీఎమ్ యాంటీబాడీలకు మూడింట రెండు, తర్వాత పుట్టే ఐజీజీ యాంటీబాడీలకు పదింట అయిదు గీతలు ఉంటేనే లెక్క. ఆ 41 గీతైతే లైమ్ లేనివారిలో కూడా తరచూ కనిపిస్తుంది.

అనాప్లాస్మా, ఎర్లికియాలకు జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్, బబీసియాకు రక్తపు స్లైడు ఎంచుకోవడం మాత్రం సరైన పనే; అవి సూక్ష్మజీవినే నేరుగా వెతుకుతాయి. అయితే జ్వరమే లేని నాకు అవి ఎందుకో వారికే తెలియాలి.

ఈ సంగతులన్నీ రాసి పంపితే, మందుల కోర్సు ముగిశాక ‘నయమైందని నిర్ధారించుకోవడానికి’ మళ్లీ ఇదే ప్యానెల్ చేయించుకోమని జవాబు వచ్చింది. నయమైన తర్వాత కూడా యాంటీబాడీలు ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు కాబట్టి, ఆ పరీక్ష నయమైందో లేదో తేల్చలేదు. పరికరాలు, సిబ్బంది బాగానే ఉన్నా, దరఖాస్తులో కాటు తేదీకి ఒక గడి చేర్చేవరకు ఈ ప్యానెల్‌కు అయిదింట రెండు నక్షత్రాలకు మించి ఇవ్వలేను.