వాకిట్లో నిలిచిన ట్రక్కు: ఇంటి కూల్చివేత చెత్తకు ట్రాక్టరు అద్దె, అయిదు నెలల అనుభవం

విజయనగరంలో అయ్యకోనేరుకు దగ్గరలో మా నాన్నగారు కట్టించిన పెంకుటింటిని సగం కూల్చి, సగం ఉంచి బాగు చేయించాం. ఆగస్టులో మొదలైన పని డిసెంబరు నెలాఖరుకు తేలింది. ఆలోగా ఇంట్లోంచి బయటికి పోయిన ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు, పగిలిన పెంకులు, మేస్త్రీ మాటలో రబ్బీసు, మొత్తం 17 ట్రాక్టర్లు. ముగ్గురి దగ్గర అద్దెకు తీసుకున్నాను.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు ‘డంప్‌స్టర్ తెప్పించుకో అన్నయ్యా’ అన్నాడు. అక్కడ 20 ఘనపు గజాల ఇనుప పెట్టెను, అంటే సుమారు 15 ఘనమీటర్లది, ఇంటి ముందు దింపి కొన్నాళ్లు వదిలేస్తారు. నిండాక లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. ఒప్పుకున్న బరువు దాటితే అదనంగా కట్టాలి. మా సందులో ఆ పెట్టె దింపితే పాలవాడి సైకిలు కూడా దూరదు. మనకున్నది ట్రాక్టరు ట్రక్కు, అంటే ఇంజను వెనక తగిలించే తొట్టి. ఇసుక లెక్కలో ఒక యూనిట్, అంటే 100 ఘనపుటడుగులు, మూడు ఘనమీటర్లకు కొంచెం తక్కువ. చూడటానికి చిన్నదే గాని, ఇటుక ముక్కలతో నింపితే నాలుగు టన్నుల దాకా తూగుతుంది.

మొదటాయన ట్రిప్పుకు 1,300 రూపాయలన్నాడు. ఎత్తే మనుషులు మనవాళ్లే. నలుగురికి పూటకు 400 చొప్పున ఇంకో 1,600. కూలీలు వచ్చిన రోజు ట్రాక్టరు రాదు, ట్రాక్టరు వచ్చిన రోజు కూలీలు ఉండరు. ఈలోగా గుట్ట వీధిలో పెరిగి కాలువకు అడ్డం పడింది. వాన పడితే ఎర్రనీళ్లు ఎదురింటి మెట్ల దాకా వెళ్లాయి. వార్డు సచివాలయం నుంచి ఒకబ్బాయి వచ్చి మర్యాదగానే హెచ్చరించి వెళ్లాడు. తర్వాత తెలిసిన సంగతి మరొకటి: మా రబ్బీసును ఆయన గాజులరేగ వైపు ఒక పల్లపు స్థలంలో పోసి, పూడ్చినందుకు ఆ స్థలం యజమాని దగ్గరా డబ్బు తీసుకుంటున్నాడు. కోపం వచ్చిన మాట నిజమే. తెలివికి ముచ్చటపడ్డ మాటా నిజమే.

రెండో ఆయన 1,000కే ఒప్పుకున్నాడు. ఆ చవక ఎక్కడిదో వారానికి గాని తెలియలేదు. పొద్దున నడకకు వెళ్లే పెద్దాయన ఒకరు మా గుమ్మం ముందు ఆగి, “మాస్టారూ, మీ వంటిల్లు చెరువు గట్టు మీద ఉందండీ” అన్నారు. వెళ్లి చూస్తే నిజంగానే మా అమ్మ ఇష్టపడి వేయించిన నీలం రంగు పెళ్లలు, పొగచూరిన గూడు ముక్కతో సహా, గట్టు పక్కన పడి ఉన్నాయి. రోడ్ల మీద, కాలువల్లో కూల్చివేత వ్యర్థాలు పారేయకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. దొరికితే డ్రైవరునే కాదు, ఇంటివాణ్ణీ అడుగుతారు. నా డబ్బుతోనే మళ్లీ ఎత్తించాను.

మూడో ఆయన పద్ధతే వేరు. ఇంజను తప్పించి, ముందు స్టాండు కింద చెక్క వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి ట్రక్కును వాకిట్లోనే వదిలి వెళ్లేవాడు. ట్రిప్పుకు 1,500, మొదటి రోజు దాటితే రోజుకు 300. గోడ పగలగొట్టే కూలీలే తట్టలతో నేరుగా ట్రక్కులో పోసేవారు. కిందపోసి మళ్లీ ఎత్తే పని తప్పింది. ఎంత నిలిచినా ట్రిప్పు 2,100 దాటలేదు, మొదటాయన లెక్కలో అది 2,900. పైగా హైడ్రాలిక్ ట్రక్కు కనుక దింపడానికి మనుషులు అక్కర్లేదు. ఎక్కడ పోస్తాడో ముందే చూపించాడు.

చిక్కులు లేకపోలేదు. రాత్రి ఖాళీగా ఉన్న ట్రక్కు తెల్లారేసరికి వీధి మొత్తానిదయ్యేది. ఒకరోజు పగిలిన కమోడు, ఇంకోరోజు రెండు కొబ్బరిపీచు పరుపులు. పరుపు బరువుండదు గాని సగం చోటు తినేస్తుంది. ఆ తర్వాత రోజూ టార్పాలిన్ కప్పి తాడు కట్టాను. ట్రక్కు వెనక ఎర్ర రేడియం స్టిక్కరు నేనే అంటించాను, వీధి దీపం సగం రోజులు వెలగదు.

సిరిమానోత్సవానికి మా పిన్ని వచ్చి, “అమ్మవారి పండగకు వాకిట్లో ఈ చెత్తబండి ఏమిటి నాయనా” అనేలోపే, తొలేళ్లకు (సిరిమానుకు ముందునాటి వేడుక) ముందురోజు రాత్రి ఆయనే వచ్చి తీసుకెళ్లాడు. నవంబరు చివర మాత్రం పది రోజులు ఫోను ఎత్తలేదు. వరి కోతలు మొదలైతే ట్రాక్టర్లన్నీ ధాన్యం వైపు వెళ్తాయి. పని పెట్టుకునేవాళ్లు ఈ పంచాంగం కూడా చూసుకోవాలి. అందుకే మూడో ఆయనకు నా మార్కులు అయిదుకు నాలుగు.

వసారా మీది పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అందుకని వాటిని పగలగొట్టనివ్వకుండా, నీళ్లు చల్లించి, విడిగా దింపించాను. మంచి ఇటుకలు సున్నం గీకి దాచుకున్నాం, వాటితోనే ప్రహరీ సగం లేచింది.

ఇప్పుడు పక్కింటివాళ్లు పని మొదలుపెట్టారు. మూడో ఆయన నంబరే ఇచ్చాను. నిన్నటి నుంచి ట్రక్కు వాళ్ల వాకిట్లో ఉంది. తెల్లవారుజామున ఎవరూ లేవకముందు, మా మేడ మీద పగిలిన పూలకుండీలు రెండు అందులో వేసి వచ్చాను.