డన్‌లప్ టార్టెక్స్ 0.73: పసుపు గిటార్ పిక్ (తీగలు మీటే బిళ్ల) ఎందుకు, ఎక్కడిదాకా

స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్‌పై స్ట్రమ్మింగ్‌కి, అంటే తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటడానికి, ఈ 0.73 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. 0.50 ఎర్రది మరీ వంగి టపటపమంటుంది, 1.14 ఊదాది కొత్తవాళ్ల చేతిలో తీగకు అడ్డం పడుతుంది. డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఈ పిక్‌కి పైభాగం నున్నగా ఉండదు, అందుకే హైదరాబాద్ మే నెల చెమటలోనూ అంత తేలిగ్గా జారదు. మొన 3–4 మిల్లీమీటర్లే బయటికి ఉంచండి. ఎక్కువైతే తీగల మధ్య ఇరుక్కుని లయ తప్పుతుంది. అంచు అరిగి గరగర మొదలైతే మార్చేయడమే, ఎలాగూ చవకే.

బేస్, మెలొడీ ఒకేసారి మోగించాలంటే మాత్రం ఇదొక్కటే చాలదు. లావాటి ఆరో తీగను, సన్నని ఒకటో తీగను పిక్‌తో ఒకే క్షణంలో మీటలేం. అక్కడ వేళ్లే దిక్కు: బొటనవేలికి 6, 5, 4, చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లకు వరుసగా 3, 2, 1. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఉన్నవాళ్లు ఈ పిక్‌ని కొనకండి.