‘షాఫ్ట్ సర్వీస్ చేశాం’ అంటే నమ్మకండి, వెనక చక్రం విప్పించి చూడండి

సెకండ్ హ్యాండ్‌లో షాఫ్ట్ డ్రైవ్ బండి (చైన్ బదులు తిరిగే ఇనుప షాఫ్ట్‌తో వెనక చక్రాన్ని నడిపే బైక్) చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. ఎనిమిది నెలల కింద హైదరాబాద్‌లో పాత బండ్లు అమ్మే ఒక షాపులో జపాన్ క్రూయిజర్ కొన్నాను. 4,80,000 రూపాయలు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. బండి కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే తప్పు బండిది కాదు.

అప్పటికి బండి 31,000 కిలోమీటర్లు తిరిగింది. "చైన్ లేదన్నా, స్ప్రాకెట్ లేదు, లూబ్ కొట్టే పని లేదు. షాఫ్ట్ బండికి మెయింటెనెన్సే ఉండదు" అన్నాడు షాపతను. అయినా డెలివరీకి ముందు ‘షాఫ్ట్ సర్వీస్’ పేరుతో 4,500 బిల్లు వేశారు. వెనక టైరు కొత్తది వేసిచ్చారు. ఆ టైరు చూసి నేను సంతోషపడ్డాను. దాని గురించి కింద చెబుతాను.

ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఫస్ట్ గేర్ వేసినప్పుడు, ఆక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు వెనక నుంచి టక్కుమని చప్పుడు మొదలైంది. ఫోన్ చేస్తే "షాఫ్ట్ బండ్లకు అది కామనే" అన్నారు. నమ్మాను. పోయిన నెల నల్గొండ నుంచి సాగర్ పోతుంటే, హాలియా దాటాక, వెనక నుంచి గరగరమని ఒక్కసారి పెద్ద చప్పుడు వచ్చింది. ఇంజిన్ గట్టిగా అరుస్తోంది, గేర్‌లోనే ఉంది, బండి మాత్రం ముందుకు పోదు. వెనక సీట్లో నా భార్య, మా వెనక లోడుతో లారీ. అతను పక్కకు కోసుకొని పోయాడు కాబట్టి సరిపోయింది. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

టాటా ఏస్‌లో వేసుకొని ఊరికి తెచ్చాం. మా ఊళ్లో ట్రాక్టర్లు చేసే మెకానిక్‌తో చక్రం విప్పించాను. చక్రం హబ్‌కు, అంటే మధ్య భాగానికి ఉండి షాఫ్ట్ బలాన్ని చక్రానికి అందించే పళ్లు, వాటినే స్ప్లైన్లు అంటారు, కత్తి మొనల్లాగా సన్నబడి సగానికి పైగా రాలిపోయాయి. గ్రీజు జాడ లేదు. ఇటుక పొడి లాంటి ఎర్రటి దుమ్ము మాత్రం గుప్పెడు వచ్చింది. ఆయన చూసీ చూడంగానే "రోటవేటర్ షాఫ్ట్‌కు గ్రీజు పెట్టకుంటే ఇట్లనే అయితది కదనే" అన్నాడు. మా నాన్న రోటవేటర్ కట్టే ముందు రోజూ పొద్దున ఆ షాఫ్ట్‌కు గ్రీజు కొట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బండి వెనక కూడా అట్లాంటి పళ్లే ఉంటాయని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

షాపుకు ఫోటోలు పంపి అడిగితే వచ్చిన జవాబు: "ఆయిల్ మార్చాం కదా సార్, అదే షాఫ్ట్ సర్వీస్." ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. వెనక చక్రం పక్కన గుండ్రంగా ఉండే ఫైనల్ డ్రైవ్‌లో పోసేది గేర్ ఆయిల్. అది లోపలి గేర్ల కోసం. సీల్ అడ్డం ఉంటుంది కాబట్టి ఆ ఆయిల్ ఒక్క చుక్క కూడా హబ్ స్ప్లైన్ల దాకా రాదు. అక్కడ మనిషి చేత్తో గ్రీజు పెట్టాల్సిందే. బండి నడుస్తున్నంతసేపు ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి సన్నగా రాసుకుంటూనే ఉంటాయి. గ్రీజు లేకపోతే ఇనుము అరిగి ఎర్రటి పొడి అవుతుంది, ఆ పొడే మళ్లీ ఉప్పు కాగితంలా మిగతా పళ్లను అరగదీస్తుంది. పైనున్న గట్టి పొర పోయాక ఇక ఎక్కువ రోజులు ఆగదు.

ఇప్పుడు ఆ కొత్త టైరు సంగతి. టైరు మార్చాలంటే చక్రం ఊడదీయాలి. చక్రం ఊడదీస్తే నా బండికి స్ప్లైన్లు కళ్ల ముందే ఉంటాయి. పాత గ్రీజు తుడిచి, కొత్తది బ్రష్‌తో రాయడానికి పది నిమిషాలు. అది చేయకుండానే చక్రం ఎక్కించి, 4,500 తీసుకున్నారు. నాకు డబ్బు కంటే ఇదే ఎక్కువ బాధ.

కాబట్టి కొనేటప్పుడు మీ కళ్ల ముందు చక్రం విప్పమనండి. విప్పే కూలి మీరే ఇవ్వండి. పళ్ల పైభాగం చదునుగా ఉండాలి, మొన తేలి ఒక పక్కకు వాలినట్టు ఉంటే వద్దు. ఎర్ర పొడి ఉంటే వద్దు. బీఎండబ్ల్యూ జీఎస్ లాంటి వాటికి చక్రం తీసినంత మాత్రాన కనపడవు, ఫైనల్ డ్రైవ్‌ను కిందికి వంచి చూడాలి, అది తెలిసిన మెకానిక్ పని. విప్పనివ్వకపోతే కనీసం వెనక చక్రం పైకి లేపి, ఇంజిన్ ఆపి, గేర్‌లో పెట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదిలించండి. కొంచెం ఆట మామూలే. బాగా వదులుగా ఉండి టక్కుమంటే అనుమానించండి. ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఆ ఆటలో గేర్‌బాక్స్‌దీ ఉంటుంది.

ఏ గ్రీజు అనేది మీ బండి మాన్యువల్ చెప్పినట్టే పోండి. చాలా బండ్లకు మోలీ పేస్ట్ కావాలి, అంటే మోలిబ్డినం డైసల్ఫైడ్ 40 నుంచి 60 శాతం ఉండేది. మామూలు షాపుల్లో ‘మోలీ గ్రీజు’ అని ఇచ్చేదాంట్లో 3 శాతమే ఉంటుంది, డబ్బా మీద చదవండి. పల్చగా రాయాలి, కుక్కితే బయటికి చిమ్మి బ్రేక్ డిస్క్ మీద పడుతుంది. అక్కడి ‘ఓ-రింగ్’ అనే రబ్బరు రింగు ఎండిపోయి ఉంటే అదీ మార్చండి. వెనక టైరు మార్చిన ప్రతిసారీ అడిగి చేయించుకోండి. ఇంకోటి, మన దగ్గర నాట్ల టైమ్‌లో కరిగెట ట్రాక్టర్లు వదిలిన మట్టి రోడ్ల నిండా ఉంటుంది. బండి వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ప్రెషర్ గన్ నేరుగా హబ్ మీద కొట్టనివ్వకండి, నీళ్లు లోపలికి దూరతాయి.

లేత్ షాపులో వెల్డింగ్ పెట్టి పళ్లు కోయిద్దామని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. చేయించలేదు. నడి రోడ్డు మీద మళ్లీ ఊడితే ఎవరు బాధ్యులు? హబ్, ఫైనల్ డ్రైవ్ వైపు భాగం బయటి దేశం నుంచి తెప్పిస్తున్నాను. కొరియర్, పన్నుతో కలిపి 92,000 అయింది, ఇంకా చేతికి రాలేదు.

షాపువాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ‘షాఫ్ట్ సర్వీస్’ అని రాసిన బిల్లు, విప్పినప్పుడు తీసిన వీడియో భద్రంగా పెట్టాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, వచ్చే వారం నల్గొండలో వేస్తున్నాను. మీరు బిల్లు తీసుకునేటప్పుడు ఉత్త ‘షాఫ్ట్ సర్వీస్’ అని కాకుండా ‘ఫైనల్ డ్రైవ్ ఆయిల్’ వేరే, ‘స్ప్లైన్లు శుభ్రం చేసి మోలీ పేస్ట్’ వేరే రాయించుకోండి.

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఎవరైనా షాఫ్ట్ బండి చూడటానికి పోతుంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారమైతే నేనూ వస్తాను. పాడైన నా హబ్ పట్టుకొస్తాను, పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.