సింథ్ అనుకున్నాను, అవి గొంతులట!

టెన్ సీసీ అనే బ్రిటిష్ బ్యాండ్ వాళ్ల 'ఐయామ్ నాట్ ఇన్ లవ్' (1975) పాటని ఏళ్ల తరబడి ఫోన్ స్పీకర్‌లోనే విన్నాను. వెనకాల మబ్బు పట్టినట్టు ఉండే ఆ శబ్దం ఏదో సింథసైజర్ అనే అనుకున్నాను. ఈమధ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆరు నిమిషాల పూర్తి వెర్షన్ వింటే బుర్ర తిరిగింది. అవన్నీ మనుషుల గొంతులు!

మొదట దీన్ని బాసనోవా అనే బ్రెజిల్ లయలో చేసి, నచ్చక పక్కన పడేశారట. తర్వాత ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో, స్ట్రాబెర్రీ స్టూడియోస్‌లో మళ్లీ మొదలుపెట్టారు. బ్యాండ్ సభ్యులు గాడ్లీ, క్రీమ్, గౌల్డ్‌మన్ ముగ్గురూ కలిసి ఒక్కో స్వరాన్ని 'ఆ...' అంటూ 16 సార్లు పాడితే స్వరానికి 48 గొంతులు. అలా 13 స్వరాలకి పాడారు, లెక్కేసుకోండి, 624! ఒక్కో స్వరాన్నీ ఆగకుండా తిరిగే టేపు లూప్‌గా అతికించి, శబ్దాలని కలిపే మిక్సింగ్ డెస్క్ మీద ఒక్కో ఫేడర్‌కి (శబ్దాన్ని పెంచే, తగ్గించే మీటకి) ఒక్కో స్వరం ఇచ్చి, బ్యాండ్‌లోని నలుగురూ ఫేడర్లు పైకీ కిందకీ జరుపుతూ కార్డ్స్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) వాయించారు, అంటే ఆ డెస్కే వాళ్లకి హార్మోనియం అయిందన్నమాట. ఫేడర్లు పూర్తిగా కిందకి దిగకుండా అడ్డు కూడా పెట్టారు. అందుకే గొంతులు తగ్గిన చోట కూడా సన్నటి హోరు ఒకటి ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది, ఒకసారి చెవిన పడిందా ఇక వదలదు.

మిగతా వాద్యాలు చాలా తక్కువ. ముఖ్యంగా బ్యాండ్‌లో నాలుగో సభ్యుడు ఎరిక్ స్టీవర్ట్ వాయించిన ఎలక్ట్రిక్ పియానో, మెత్తటి గిటార్. డ్రమ్ సెట్ లేదు, మూగ్ అనే సింథ్‌తో చేసిన బేస్ డ్రమ్ చప్పుడు మాత్రం గుండె కొట్టుకున్నట్టు 'దుబ్ దుబ్' అంటూ ఉంటుంది. ప్రేమ లేదు లేదు అని బుకాయించే పాటకి అంతకన్నా మంచి తాళం ఏముంటుంది!

మధ్యలో అన్నీ సద్దుమణిగి బేస్ గిటార్ ముందుకొస్తుంది, ఒక అమ్మాయి చెవిలో గుసగుసగా మాట్లాడుతుంది. ఆ గొంతు స్టూడియో రిసెప్షనిస్ట్‌ది. నిజం చెప్పాలంటే ఈ భాగం నాకు కాస్త డ్రామాగా అనిపించింది, పైగా టేపు 'స్స్స్' కూడా వినబడుతుంది. కానీ గొంతులు మళ్లీ పొంగుకుంటూ వచ్చేసరికి ఆ విసుగంతా పోతుంది. కుదించిన వెర్షన్లు కూడా దొరుకుతాయి, వాటి జోలికి మాత్రం పోకండి, ఆ పొంగుకి కావాల్సిన టైమే వాటిలో ఉండదు.